మూడు వేసవుల మాటకు దక్కిన కిరీటం

ప్రపంచకప్ బాస్కెట్‌బాల్‌లో తారల సమూహాలు తడబడ్డాయి.. కలిసి నిలిచిన జట్లు గట్టెక్కాయి

2023 సెప్టెంబర్ 10న ఫిలిప్పీన్స్‌లోని పసాయ్ నగరంలో జరిగిన ప్రపంచకప్ బాస్కెట్‌బాల్ ఫైనల్‌లో జర్మనీ 83-77 తేడాతో సెర్బియాపై విజయం సాధించింది. ఆ దేశానికి ఈ కిరీటం దక్కడం అదే మొదటిసారి. ఆడిన ఎనిమిది మ్యాచ్‌లలోనూ ఓటమి ఎరుగకుండా జర్మనీ విజేతగా నిలిచింది. ఫైనల్‌లో 28 పాయింట్లు సాధించిన సారథి డెనిస్ ష్రోడర్ టోర్నీ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు.

జర్మనీ గెలవడం కంటే అది గెలిచిన తీరే క్రీడా వర్గాలను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆ జట్టులోని 12 మందిలో అప్పటికి అమెరికా వృత్తి లీగ్ ఎన్‌బీఏలో ఆడుతున్నవారు నలుగురే. మిగిలినవారు ఐరోపా క్లబ్బులకు చెందినవారు. వారి చేతిలో సెమీఫైనల్‌లో ఓడిన అమెరికా జట్టులో 12 మందీ ఎన్‌బీఏ వారే. ఆ అమెరికా కాంస్యమైనా లేకుండా నాలుగో స్థానంతో ఇంటిముఖం పట్టింది. ప్రతిభలోనూ, ధనంలోనూ, సదుపాయాలలోనూ సాటిలేని దేశం వరుసగా రెండో ప్రపంచకప్‌లో రిక్తహస్తాలతో వెనుదిరగడానికి కారణమేమిటి? దీనికి సమాధానం ఫైనల్ జరిగిన ఆ రాత్రిలో లేదు. అంతకు ముందు గడిచిన వేసవి సెలవులలో ఉంది.

ఆటగాడు ఎవరి సొత్తు?

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్‌లో అసలు తగాదా బంతి కోసం కాదు, ఆటగాడి సమయం కోసం. ఎన్‌బీఏలో ఒక్కో జట్టు అక్టోబర్ నుంచి ఏప్రిల్ వరకు 82 లీగ్ మ్యాచ్‌లు ఆడుతుంది. ఆపై సాగే నాకౌట్ పోటీలు జూన్ వరకు కొనసాగుతాయి. ఐరోపాలోని అగ్రశ్రేణి క్లబ్బుల ఆటగాళ్లకు స్వదేశీ లీగ్‌తో పాటు యూరోలీగ్ భారమూ ఉంటుంది. ఆటగాడికి జీతమిచ్చేది క్లబ్బు, గాయమైతే నష్టపోయేదీ క్లబ్బే. జాతీయ జట్టుకు మిగిలేది జూలై, ఆగస్టు, సెప్టెంబర్ నెలల విరామమే. అలసిన శరీరం విశ్రాంతి కోరే కాలం కూడా సరిగ్గా అదే.

2023లో ఈ పోరు ఫలితం స్పష్టంగా కనిపించింది. ఆ ఏడాది జూన్‌లో డెన్వర్ జట్టుకు ఎన్‌బీఏ టైటిల్ అందించిన నికొలా యోకిచ్ విశ్రాంతి కోరుకుని సెర్బియా జట్టుకు దూరంగా ఉన్నాడు. గ్రీస్ ఆశాజ్యోతి యానిస్ అంటెటొకౌంపో మోకాలి శస్త్రచికిత్స కారణంగా రాలేదు. లాత్వియాకు క్రిస్తాప్స్ పోర్జింగిస్, కెనడాకు జమాల్ ముర్రే, ఫ్రాన్స్‌కు విక్టర్ వెంబన్యామా అందుబాటులో లేకపోయారు. వీరిలో ఎవరినీ తప్పుపట్టడానికి వీల్లేదు. దేశం కోసం ఆడటం గౌరవమే అయినా, దాని మూల్యాన్ని మోసేది ఆటగాడి శరీరమే.

ఆ మూల్యం ఎంత భారంగా ఉండగలదో ఆ టోర్నీలోనే కళ్లెదుట కనిపించింది. దక్షిణ సూడాన్‌తో జరిగిన మ్యాచ్‌లో ప్రత్యర్థి మోచేయి బలంగా తగలడంతో సెర్బియా ఆటగాడు బోరిషా సిమానిచ్ మూత్రపిండం దెబ్బతింది. మనీలాలో శస్త్రచికిత్సలు జరిపిన వైద్యులు దానిని తొలగించక తప్పలేదు. సహచరుడు ఆసుపత్రిలో ఉండగానే సెర్బియా క్వార్టర్ ఫైనల్, సెమీఫైనల్ నెగ్గి రజతం అందుకుంది. క్లబ్బుల యాజమాన్యాలు తమ ఆటగాళ్లను జాతీయ జట్లకు పంపడానికి ఎందుకు జంకుతాయో అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క ఘటన చాలు.

హెర్బర్ట్ పెట్టిన షరతు

2019లో చైనాలో జరిగిన ప్రపంచకప్‌లో జర్మనీ 18వ స్థానానికి పరిమితమైంది. డొమినికన్ రిపబ్లిక్ చేతిలో సైతం ఓటమి పాలైంది. 2002లో డిర్క్ నొవిట్జ్‌కి నాయకత్వంలో సాధించిన కాంస్యమే అప్పటికి ఆ దేశానికి ప్రపంచ పోటీల్లో ఏకైక పతకం. నొవిట్జ్‌కి నిష్క్రమణతో జర్మనీ బాస్కెట్‌బాల్ కథ ముగిసిందని భావించినవారు తక్కువ కాదు.

2021 సెప్టెంబర్‌లో కెనడాకు చెందిన గోర్డన్ హెర్బర్ట్ జర్మనీ శిక్షకుడిగా బాధ్యతలు చేపట్టాడు. ఆయన ఆటగాళ్ల ముందు ఒకే ఒక షరతు ఉంచాడు. 2022 ఐరోపా చాంపియన్‌షిప్, 2023 ప్రపంచకప్, 2024 ఒలింపిక్స్.. ఈ మూడు వేసవులూ జాతీయ జట్టుకు కేటాయిస్తామని మాట ఇవ్వాలి. వీలైతే వస్తాం, లేకుంటే లేదనే పద్ధతికి అక్కడితో తెరపడింది. ఎన్‌బీఏ ఆటగాడు మాక్సి క్లెబర్ 2022లో ఆడలేదు. 2023లో అతడికి చోటు కల్పించడంపై ష్రోడర్ బహిరంగంగానే అసంతృప్తి వ్యక్తం చేయగా, క్లెబర్ తనంతట తానే తప్పుకున్నాడు. మాట ఇచ్చిన తోటివారి మధ్యకు మాట ఇవ్వనివాడు రావడాన్ని జట్టు అంగీకరించలేదని దీనితో తేలిపోయింది. ఈ వైఖరిలో కాఠిన్యం ఉన్నదనడంలో సందేహం లేదు. జట్టు కట్టుదిట్టంగా నిలవడంలో దాని పాత్ర ఉన్నదనడంలోనూ సందేహం లేదు.

తొలి ఫలితం 2022లోనే దక్కింది. బెర్లిన్‌లో సొంత ప్రేక్షకుల నడుమ జర్మనీ ఐరోపా కాంస్యం అందుకుంది. మరుసటి ఏడాది ఒకినావాలో జరిగిన తొలి దశలో జపాన్, ఆస్ట్రేలియా, ఫిన్లాండ్‌లను ఓడించింది. రెండో దశలో జార్జియా, స్లొవేనియాలపై వంద పాయింట్ల చొప్పున సాధించింది. తొలి మ్యాచ్‌లోనే చీలమండ గాయంతో ఫ్రాంజ్ వాగ్నర్ దూరమైనా విజయ పరంపర ఆగలేదు.

కలిసి గడిపిన కాలం విలువ లాత్వియాతో జరిగిన క్వార్టర్ ఫైనల్‌లో బయటపడింది. ఆ రోజు ష్రోడర్ 26 సార్లు బుట్టకు గురిపెట్టి నాలుగుసార్లు మాత్రమే సఫలుడయ్యాడు. ప్రధాన ఆటగాడు అంతగా విఫలమైతే ఏ జట్టయినా కుప్పకూలాలి. గాయం నుంచి కోలుకుని తిరిగివచ్చిన వాగ్నర్, తోటివారు భారం పంచుకున్నారు. లాత్వియా ఆటగాడు దవిస్ బెర్తాన్స్ చివరి క్షణాల్లో సంధించిన మూడు పాయింట్ల బంతి గురితప్పడంతో జర్మనీ 81-79తో ఊపిరి పీల్చుకుంది. శిక్షకుడు ష్రోడర్‌పై నమ్మకం కోల్పోలేదు. సెమీఫైనల్, ఫైనల్‌లలో అతడే జట్టును నడిపించాడు.

ఈ విజయానికి మరో పునాది దేశవాళీ లీగ్‌లో ఉంది. జర్మనీ అగ్రశ్రేణి లీగ్‌లో మ్యాచ్‌కు ఎంపికయ్యే 12 మందిలో కనీసం ఆరుగురు స్వదేశీయులు ఉండాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. క్లబ్బులు విదేశీ ఆటగాళ్లతో జట్టంతా నింపుకునే అవకాశం పోయింది. స్థానిక యువకులకు బెంచీపైనైనా చోటు దొరికింది, క్రమేణా మైదానంలోనూ దొరికింది. అమెరికాపై సెమీఫైనల్‌లో 24 పాయింట్లు సాధించిన ఆండ్రియాస్ ఓబ్స్ట్ ఎన్‌బీఏ ఆటగాడు కాడు, బేయర్న్ మ్యూనిక్ క్లబ్బు ఆటగాడు.

అమెరికా మరచిన సొంత పాఠం

ప్రపంచకప్‌నకు ముందు అబుదాబిలో జరిగిన సన్నాహక మ్యాచ్‌లో ఇదే జర్మనీపై అమెరికా 99-91తో నెగ్గింది. అప్పుడు 16 పాయింట్ల వెనుకబాటు నుంచి కోలుకుని మరీ గెలిచింది. మూడు వారాల తరువాత అసలు పోరులో ఫలితం 111-113గా తారుమారైంది. ఆఖరి నిమిషాల్లో ఆధిక్యం ఒక్క పాయింటుకు తగ్గిన వేళ ఓబ్స్ట్ మూడు పాయింట్ల బుట్ట సాధించి అమెరికా ఆశలపై నీళ్లు చల్లాడు.

అంతకు ముందే లిథువేనియా 110-104తో అమెరికాను కంగుతినిపించింది. ఆ మ్యాచ్‌లో లిథువేనియా వేసిన మొదటి తొమ్మిది మూడు పాయింట్ల బంతులూ బుట్టలో పడ్డాయి. కాంస్య పోరులో కెనడా అదనపు సమయంలో 127-118తో పైచేయి సాధించింది. ఆ మ్యాచ్‌లో డిలన్ బ్రూక్స్ 39 పాయింట్లు సాధించాడు. అమెరికా ఓడిన మూడు మ్యాచ్‌లలోనూ ప్రత్యర్థులకు 110 పాయింట్లు లేదా అంతకు మించి సమర్పించుకుంది. ఆంథొనీ ఎడ్వర్డ్స్ వంటి మెరికలు ఉన్న ఆ జట్టుకు పాయింట్లు సాధించడం సమస్య కాలేదు. ప్రత్యర్థిని నిలువరించడమే సమస్య అయింది. రక్షణ అనేది ఒకరి పక్కన ఒకరు నిలబడి నేర్చుకోవలసిన విద్య. తోటివాడు ఎటు కదులుతాడో, తాను వదిలిన ఖాళీని ఎవరు పూరిస్తారో ముందే తెలిసి ఉండాలి. కొన్ని వారాల శిబిరంలో ఆ అవగాహన కుదరడం కష్టం.

స్టీవ్ కెర్ శిక్షణలోని ఆ 12 మందిలో 2021 టోక్యో ఒలింపిక్ స్వర్ణ విజేత ఒక్కరూ లేరు. 2019 ప్రపంచకప్‌లో ఆడినవారూ ఒక్కరూ లేరు. ప్రతి టోర్నీకీ కొత్త జట్టు, కొత్త పరిచయాలు. దానికి తోడు నిబంధనల తేడా ఉండనే ఉంది. ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు, అంతర్జాతీయ మ్యాచ్ 40 నిమిషాలు. అక్కడ ఆరో ఫౌల్‌తో ఆటగాడు బయటకు పోతే ఇక్కడ అయిదో ఫౌల్‌కే పోవాలి. మూడు పాయింట్ల గీత దూరం వేరు. రింగుపై తగిలిన బంతిని తాకే విషయంలో నియమం వేరు. ఐరోపా ఆటగాళ్లు ఈ నిబంధనల మధ్యనే పెరిగారు. అమెరికన్లు ప్రతిసారీ మొదటి నుంచి అలవాటు పడవలసి వస్తోంది.

విచిత్రమేమిటంటే, మూడేళ్ల ఒడంబడిక అనే ఆలోచన అమెరికాకు కొత్త కాదు. 2002లో స్వదేశంలోని ఇండియానాపోలిస్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో ఆ జట్టు ఆరో స్థానానికి దిగజారింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో కాంస్యంతో సరిపెట్టుకుంది. ఆ పరాభవాల తరువాత 2005లో జాతీయ జట్టు పగ్గాలు చేపట్టిన జెర్రీ కొలాంజెలో ఆటగాళ్ల నుంచి మూడేళ్ల హామీ తీసుకున్నాడు. మైక్ షిషెఫ్‌స్కీని శిక్షకుడిగా నియమించి దీర్ఘకాలం కొనసాగించాడు. 2006లో గ్రీస్ చేతిలో సెమీఫైనల్ ఓటమి ఎదురైనా విధానాన్ని మార్చలేదు. ఫలితంగా 2008, 2012, 2016 ఒలింపిక్ స్వర్ణాలు, 2010, 2014 ప్రపంచ కిరీటాలు దక్కాయి. గెలుపులు వరుస కట్టాక ఆ క్రమశిక్షణ సడలింది. 2019లో ఏడో స్థానం, 2023లో నాలుగో స్థానం ఆ సడలింపునకు దక్కిన ఫలాలే.

కెనడా, లాత్వియా బాట

జర్మనీది ఒంటరి ఉదాహరణ అయితే కాకతాళీయమని కొట్టిపారేయవచ్చు. కానీ కాంస్యం గెలిచిన కెనడా కూడా అదే దారి పట్టింది. ఎన్‌బీఏలో అమెరికా తరువాత ఎక్కువ మంది ఆటగాళ్లున్న దేశాలలో కెనడా ముందు వరుసలో ఉంది. అయినా 2000 సంవత్సరం తరువాత 2024 దాకా ఆ దేశ పురుషుల జట్టు ఒలింపిక్స్ ముఖమే చూడలేదు. వేసవి వచ్చేసరికి పిలుపులు వెళ్లడం, సాకులు రావడం అక్కడ ఏటా జరిగే తంతుగా మారింది. 2022లో కెనడా సమాఖ్య 14 మంది ఆటగాళ్లతో మూడేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. షై గిల్జస్ అలెగ్జాండర్ ఆ బృందానికి మూలస్తంభమయ్యాడు. టోర్నీకి రెండు నెలల ముందు శిక్షకుడు మారినా జట్టు చెదరలేదు. 2023లో ఫ్రాన్స్‌ను 30 పాయింట్ల తేడాతో చిత్తుచేసి, అప్పటి విజేత స్పెయిన్‌ను 88-85తో ఇంటికి పంపి, ప్రపంచకప్‌లో తొలి పతకం అందుకుంది.

లాత్వియా కథ మరింత ఆసక్తికరం. ఇరవై లక్షలకు లోపు జనాభా గల ఆ దేశం తొలిసారి ప్రపంచకప్‌లో అడుగుపెట్టి అయిదో స్థానంలో నిలిచింది. పోర్జింగిస్ లేకుండానే ఫ్రాన్స్, స్పెయిన్‌లను ఓడించింది. ఆ జట్టును తీర్చిదిద్దిన లూకా బాంకి ఉత్తమ శిక్షకుడిగా ఎంపికయ్యాడు. యోకిచ్ లేని సెర్బియా రజతం గెలవడం వెనుక స్వెతిస్లావ్ పెషిచ్ అనుభవం ఉంది. 1993లో జర్మనీకి ఐరోపా కిరీటాన్ని, 2002లో యుగోస్లావియాకు ప్రపంచ కిరీటాన్ని అందించిన శిక్షకుడు ఆయనే.

గూడు లేని జట్టు గెలుపు

దక్షిణ సూడాన్ 2011లో స్వతంత్ర దేశంగా అవతరించింది. అంతర్యుద్ధంతో అతలాకుతలమైన ఆ దేశంలో పైకప్పు గల బాస్కెట్‌బాల్ మైదానం ఒక్కటీ లేదు. ఆటగాళ్లలో అనేకులు శరణార్థి కుటుంబాల బిడ్డలు, పరాయి దేశాల్లో పెరిగినవారు. ఎన్‌బీఏలో పేరు గడించిన లువోల్ డెంగ్ 2019లో ఆ దేశ సమాఖ్య అధ్యక్ష బాధ్యతలు స్వీకరించాడు. చెదిరిపోయిన ఆటగాళ్లను ఒక్కొక్కరినీ వెదికి రప్పించాడు. తన సొంత ధనం వెచ్చించి శిబిరాలు నడిపాడు.

తొలి ప్రపంచకప్‌లోనే ఆ జట్టు చైనా, ఫిలిప్పీన్స్, అంగోలాలపై నెగ్గింది. ఆఫ్రికా జట్లలో అగ్రస్థానం దక్కించుకుని పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత సాధించింది. 2024 జూలైలో లండన్‌లో జరిగిన సన్నాహక మ్యాచ్‌లో అమెరికా మహామహులను ఓటమి అంచుకు నెట్టి 100-101తో ఒక్క పాయింటు తేడాతో ఓడింది. మైదానం లేని దేశం జట్టును కూడగట్టుకోగలిగినప్పుడు, అన్నీ ఉన్న దేశాలు ఆటగాళ్లను ఒక్కచోట చేర్చలేకపోవడం ఆలోచించవలసిన విషయం.

అర్హత పోటీల చిక్కుముడి

ఈ సమస్యలో అంతర్జాతీయ సమాఖ్య ఫిబా పాత్ర కూడా తక్కువేమీ కాదు. 2017 నవంబర్ నుంచి ప్రపంచకప్ అర్హతకు కొత్త విధానం అమలులోకి వచ్చింది. వేసవిలో ఒకేచోట జరిగే ఖండాంతర టోర్నీల స్థానంలో, సొంతగడ్డపైనా ప్రత్యర్థి గడ్డపైనా కొన్ని నెలల వ్యవధిలో విడతలుగా మ్యాచ్‌లు జరపాలని నిర్ణయించారు. జాతీయ జట్టు సొంత ప్రేక్షకుల ముందుకు తరచుగా రావాలన్నది సదుద్దేశమే. అయితే నవంబర్, ఫిబ్రవరి విడతలు క్లబ్బుల సీజన్ నడుమ వస్తాయి. ఎన్‌బీఏ తన ఆటగాళ్లను విడిచిపెట్టదు. 2000 సంవత్సరంలో ఐరోపా ప్రధాన క్లబ్బులు ఫిబా నుంచి వేరుపడి తమ చేతుల్లోకి తీసుకున్న యూరోలీగ్ కూడా తన షెడ్యూలును ఈ విడతల కోసం ఖాళీ చేయడానికి సుముఖత చూపలేదు.

పర్యవసానంగా ఒక జట్టు అర్హత సాధిస్తే, మరో జట్టు ప్రపంచకప్ ఆడుతోంది. 2017లో ఐరోపా విజేత అయిన స్లొవేనియా తన ప్రధాన ఆటగాళ్లు లేక 2019 ప్రపంచకప్‌నకు అర్హత కోల్పోయింది. 2019లో రన్నరప్‌గా నిలిచిన అర్జెంటీనా 2023 ఫిబ్రవరిలో సొంతగడ్డపై డొమినికన్ రిపబ్లిక్ చేతిలో ఓడి 2023 టోర్నీకి దూరమైంది. 1950లో జరిగిన తొలి ప్రపంచ పోటీల విజేత లేకుండానే ప్రపంచకప్ జరిగింది. చలికాలంలో చెమటోడ్చి అర్హత తెచ్చిన ఆటగాళ్లలో చాలామందికి వేసవిలో తారలు రాగానే చోటు గల్లంతవుతోంది. అర్హత సాధించిపెట్టినవారికీ, టోర్నీలో ఆడేవారికీ నడుమ వారధి నిర్మించుకున్న దేశాలే ఈ విధానంలో నెగ్గుకొస్తున్నాయి.

ఆతిథ్య దేశాలకు మూడు అనుభవాలు

ప్రపంచకప్ చరిత్రలో తొలిసారి ఫిలిప్పీన్స్, జపాన్, ఇండొనేషియా దేశాలు 2023 టోర్నీకి ఉమ్మడిగా ఆతిథ్యమిచ్చాయి. మూడింటికీ మూడు విధాల అనుభవం ఎదురైంది. ఫిలిప్పీన్స్‌లో బాస్కెట్‌బాల్ ప్రజల ఆట. వీధి మలుపుల్లో, ఇళ్ల ముంగిళ్లలో బుట్ట వేలాడుతుంది. ఆ దేశ తొలి మ్యాచ్‌కు 38,115 మంది హాజరై ప్రపంచకప్ రికార్డు నెలకొల్పారు. కానీ జట్టు మొదటి నాలుగు మ్యాచ్‌లలో ఓడింది. ఎన్‌బీఏ ఆటగాడు జోర్డన్ క్లార్క్‌సన్ చేరినా అతడికీ మిగిలినవారికీ కలిసి ఆడే వ్యవధి చాలలేదు. చివరి మ్యాచ్‌లో చైనాపై 96-75 గెలుపు మాత్రమే ఊరటనిచ్చింది.

జపాన్ మరో దారిన నడిచింది. టోక్యో ఒలింపిక్స్‌లో ఆ దేశ మహిళల జట్టుకు రజతం అందించిన టామ్ హొవాస్‌కు పురుషుల జట్టును అప్పగించింది. పొట్టివారమన్న లోటును వేగంతో, మూడు పాయింట్ల బంతులతో పూడ్చుకునే పద్ధతికి జట్టు కట్టుబడింది. ఫిన్లాండ్‌పై 18 పాయింట్ల వెనుకబాటు నుంచి లేచి 98-88తో నెగ్గింది. వెనిజులా, కేప్ వెర్డెలను కూడా ఓడించి ఆసియా జట్లలో అగ్రస్థానంతో పారిస్ బెర్తు దక్కించుకుంది. ఇండొనేషియాది మరీ చేదు అనుభవం. ఆసియాకప్‌లో నిర్ణీత స్థానం సాధించలేక తన గడ్డపై జరిగిన టోర్నీలో తానే ఆడలేకపోయింది.

పారిస్ చెప్పిన ఎదురు సాక్ష్యం

తారల కన్నా జట్టే మిన్న అన్న వాదనకు 2024 పారిస్ ఒలింపిక్స్ ఎదురు సాక్ష్యంగా నిలుస్తుందని అనవచ్చు. లెబ్రాన్ జేమ్స్, స్టీఫెన్ కర్రీ, కెవిన్ డ్యూరాంట్‌లతో దిగిన అమెరికా స్వర్ణం గెలిచింది. మాట నిలుపుకుని మూడో వేసవీ వచ్చిన జర్మనీ నాలుగో స్థానంతో ఆగిపోయింది. అసాధారణ ప్రతిభ ముందు సమష్టి సాధన కొన్నిసార్లు తలవంచక తప్పదు.

అయితే ఆ విజయం ఎలా దక్కిందో గమనించాలి. సెమీఫైనల్‌లో సెర్బియాపై అమెరికా ఒక దశలో 17 పాయింట్లు వెనుకబడింది. కర్రీ 36 పాయింట్లతో విజృంభించగా 95-91తో గట్టెక్కింది. ఆ తరం తారలు ఇక ఎంతో కాలం ఆడరు. పైగా ఆ ముగ్గురిలో జేమ్స్, డ్యూరాంట్‌లు కొలాంజెలో కాలపు క్రమశిక్షణలో ఎదిగి, గతంలో ఒలింపిక్ స్వర్ణాలు అందుకున్నవారు. కర్రీ 2010, 2014 ప్రపంచ విజేత జట్లలో సభ్యుడు. వారు అంతర్జాతీయ నిబంధనలకు కొత్తవారు కారు.

జర్మనీ కథ కూడా పారిస్‌తో ముగియలేదు. ఒప్పంద కాలం పూర్తయింది, హెర్బర్ట్ వెళ్లిపోయాడు. అయినా 2025 ఐరోపా చాంపియన్‌షిప్‌లో ష్రోడర్, వాగ్నర్, ఓబ్స్ట్, టైస్ తదితరులు మళ్లీ ఒక్కటయ్యారు. కొత్త శిక్షకుడు అలెక్స్ ముంబ్రూ అనారోగ్యం పాలవడంతో సహాయకుడు అలన్ ఇబ్రహీమగిచ్ జట్టును నడపవలసి వచ్చింది. సెప్టెంబర్ 14న రీగాలో జరిగిన ఫైనల్‌లో జర్మనీ 88-83తో తుర్కియేపై నెగ్గి టైటిల్ గెలిచింది. శిక్షకుడు మారినా, మారినవాడు మంచాన పడినా ఆట గాడి తప్పలేదు. మూడు వేసవులు కలిసి గడిపినందువల్ల జట్టు పద్ధతి ఒక వ్యక్తిలో గాక అందరిలోనూ నాటుకుపోయింది.

భారత్‌కు అందే సూచన

భారత పురుషుల జట్టు ప్రపంచకప్‌లో ఇంతవరకు ఆడలేదు. 1975 ఆసియా చాంపియన్‌షిప్‌లో నాలుగో స్థానం, 1980 మాస్కో ఒలింపిక్స్‌లో పాల్గొనడం గత వైభవంగా మిగిలాయి. ప్రతిభ లేదనడం సరికాదు. 2014 ఆసియాకప్‌లో చైనాను చైనా గడ్డపైనే 65-58తో ఓడించిన జట్టు మనది. 2015లో సత్నామ్ సింగ్‌ను ఎన్‌బీఏ జట్టు డల్లాస్ ఎంపిక చేసుకుంది. 2025లో జెడ్డాలో జరిగిన ఆసియాకప్‌లో జోర్డాన్‌ను అదనపు సమయం దాకా లాగి 84-91తో ఓడింది. మెరుపులు ఉన్నాయి, నిలకడే లేదు.

మన ఆటగాళ్లలో అనేకులకు రైల్వేలు, సైనిక బలగాలు, ప్రభుత్వరంగ సంస్థలే జీవనాధారం. ఏడాది పొడవునా ఉన్నత స్థాయి పోటీనిచ్చే వృత్తి లీగ్ బలంగా వేళ్లూనలేదు. టోర్నీకి ముందు శిబిరం, టోర్నీ తరువాత ఎవరి ఉద్యోగానికి వారు అన్న తీరులో జట్టు తయారు కావడం కష్టం. తెలుగు జిల్లాల్లో పాఠశాల, కళాశాల సిమెంటు మైదానాలపై ఆడే పిల్లలకు సైతం చదువు ముగిశాక ఆటను కొనసాగించే దారి సన్నగిల్లుతోంది. డెంగ్ వలె చెదిరినవారిని చేరదీయడం, హెర్బర్ట్ వలె కొన్నేళ్లపాటు ఒకే బృందాన్ని కట్టిపడేయడం కోట్ల రూపాయల భవనాల కంటే తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. వాటికి కావలసింది సమాఖ్యల ఓపిక, మాటపై నిలబడే గుణం.

తదుపరి ప్రపంచకప్ 2027లో ఖతర్ రాజధాని దోహాలో 32 జట్లతో జరగవలసి ఉంది. అప్పటికి ఏ తార ఏ ఫామ్‌లో ఉంటాడో ముందుగా చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అయితే ఏ దేశం తన ఆటగాళ్లను వరుస వేసవులలో ఒక్కచోట కూర్చోబెట్టగలిగిందో పరిశీలిస్తే, పతకాల పోరులో నిలిచేదెవరో కొంతవరకైనా ఊహించవచ్చు.